అరవై ఒకటో నంబరు

ఏడాదికి పన్నెండు పుస్తకాలు.
నెలకొకటి, కరెంటు బిల్లు కట్టినట్టు
క్రమం తప్పకుండా చదివాను.
తిరుపతిలో అయిదూ పదికి కదిలే చిత్తూరు బస్సులో
కిటికీ పక్క సీటు దొరికిన రోజు ఇరవై పేజీలు,
నిలబడ్డ రోజు మూడు.
చంద్రగిరి కోట తెల్లారి వెలుతుర్లో వచ్చి పోయేది.
నేను తలెత్తలేదు.
చూపు లక్ష్యం మీదే ఉండాలని
మూడో పుస్తకం చెప్పింది మరి.

చదివిన చోట గుర్తుకి టికెట్టు పెట్టేవాణ్ణి.
ఇప్పుడు ఏది తెరిచినా
పాఠాలకన్నా ముందు ఒళ్ళోకి టికెట్లే రాలతాయి.

మొదటి పుస్తకం అయిదింటికే లేవమంది.
మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరే దేశమ్మకి
గొప్పగా చెప్పాను.
"అయిదు దాకా పండుకుంటాడా సామీ, ఆ రాసినాయన?" అనింది.

రెండోది వినడం నేర్చుకోమంది.
దాన్ని చదివే తొందరలో
గ్యాస్ అయిపోయిందని మా ఆవిడ మూడుసార్లు చెప్పింది
నేను వినలేదు.

అయిదో పుస్తకంలో నాయకుడు ఓడ నడిపేవాడు.
ఏడోదాంట్లో తోటమాలి.
తొమ్మిదోదాంట్లో వాద్యగాళ్ళ ముందు కర్ర ఊపే మనిషి.
నేను షిఫ్టు ఇన్‌ఛార్జిని.
ఓడ ఎక్కింది లేదు.
తోటంటే నాకు టన్ను లెక్క.
కర్ర మా వాచ్‌మన్ చెంగల్రాయులు చేతిలోనే ఉంటుంది.

ఇక జూన్. తోతాపురి.
గేటు నుంచి పెట్రోలు బంకు దాకా ట్రాక్టర్లు,
బంకు దాటి గుడిపాల రోడ్డు మలుపు దాకా ట్రాక్టర్లు.
రెండు పగళ్ళు, ఒక రాత్రి.
కాయల అడుగు నుంచి రసం కారి
తారు మీద ఈగలు ముసురుతున్నాయి.
లోపల ఒక లైను ఆగిపోయింది.
పైనుంచి ఫోను:
కిలోకి రెండు రూపాయలు తగ్గించాం, నువ్వే పోయి చెప్పు.

కష్టమైన మాట ఎలా చెప్పాలి అనే అధ్యాయం
నా సంచిలోనే ఉంది.
బాత్రూములో నిలబడి మళ్ళీ చదివాను.
ముందు వాళ్ళ బాధని గుర్తించు. తర్వాత నిజం. తర్వాత దారి.
గేటు తీశాను.
నాలుగు వందల కళ్ళు.
మొదటిది నోటికి రాలేదు, రెండోదీ రాలేదు.
గొంతు ఎండిపోయి దగ్గాను.
ఎవరో నీళ్ళ బాటిలు ఇచ్చారు.
నాకు. వాళ్ళే.

ధర చెప్పాను. కేకలు లేచాయి, లేవాల్సినవే.
అవి సన్నగిల్లాక చెంగల్రాయులు దగ్గరికొచ్చి
"ధరకి మనమేం జేస్తాం సార్, నంబర్లేద్దాం.
కొండమీద కంపార్టుమెంట్ల కాడ పదేండ్లు నిలబడినోణ్ణి.
పది గంటలైనా కూచుంటారు జనం.
తలుపు ఎప్పుడు తీస్తారో తెలీకపోతేనే
పది నిమిషాలు గూడా కూచోరు."

బోర్డు దగ్గర సుద్దముక్క తెచ్చాడు.
ఒక్కో టైరు మీద ఒక్కో అంకె.
నేను రాస్తుంటే ఆయన టార్చి పట్టాడు.
గంటకి ఎన్ని బండ్లు దిగుతాయో
ప్రతి డ్రైవరుకీ చెప్పుకుంటూ పోయాం.
నలభై దాటేసరికి వెనక గురకలు.
ఇంజను పక్కన, కాయల మీద, రోడ్డు వార
తువ్వాలు మొహాన కప్పుకుని మనుషులు.

డిసెంబరులో పన్నెండూ తిరగేశాను.
గీతలు గీసిన వాక్యాలు మూడు వందల పైనే.
సగం ఎందుకు గీశానో గుర్తులేదు.
ఒక పేజీలో గీత లేదు,
తెల్లటి బొటనవేలి ముద్ర ఉంది.

ఇక్కడ ఆపొచ్చు.
ఆ పుస్తకాలైతే ఇక్కడే ఆపుతాయి.

అరవై ఒకటో నంబరు వంతు వచ్చేసరికి
కాయ మెత్తబడింది. లోపల వద్దన్నారు.
వద్దన్న చీటీ మీద సంతకం నాది.
బాటిలు ఇచ్చింది ఇతనేనేమో,
ఆ రాత్రి నేను మొహం చూడలేదు.
ఏమీ అనలేదు. బండి తిప్పుకున్నాడు.
పెద్ద టైరు మీద సుద్దతో నేను రాసిన అరవై ఒకటి
కిందికి పోయి, పైకి వచ్చి,
కిందికి పోయి, పైకి వచ్చి
మలుపు దాకా
చదవగలిగాను.