రెండొందల పన్నెండు మీటర్లు

పొద్దున పదింబావు.
కందుకూరు మున్సిపల్ ఆఫీసు, ఇంటిపన్నుల సెక్షను.
ఒక కాలి కింద అట్టముక్క పెట్టిన నా కుర్చీలో
నేను కూర్చునే ఉన్నాను.
ఫోను మాత్రం లేనంటోంది.

కళ్లార్పమంది, ఆర్పాను.
తల కుడికి తిప్పమంది, తిప్పాను.
పెళ్లిచూపుల్లో కూడా నన్నింత పరీక్షగా
ఎవరూ చూడలేదు.
మొహం నాదేనని చివరికి ఒప్పుకుంది.
మనిషే,
ఆఫీసుకి రెండొందల పన్నెండు మీటర్ల అవతల ఉన్నాడంది.

ఎదురు సీట్లో సుబ్బరత్నాన్ని సాక్ష్యం అడిగాను.
"నాకైతే కనపడతానే ఉండావు గానీ
నా మాట ఎవురింటారన్నా" అంది.
ఆమెను అప్పటికే
పామూరు బస్సెక్కించి ఉంది ఆ ఫోను.

హెల్ప్‌లైనుకి చేస్తే
ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది,
మీ కాల్ మాకెంతో ముఖ్యం అంది.
ముప్పై రెండేళ్ల సర్వీసులో
ముఖ్యమనే మాట నా చెవిన పడటం అదే మొదలు.
కాసేపు ఫోను పెట్టబుద్ధి కాలేదు.

అయినా మా ఊరికిది కొత్తా?
ఒకరాత్రి ప్రకాశం జిల్లాలో పడుకుని
నెల్లూరు జిల్లాలో లేచినవాళ్లం.
మంచం కదల్లేదు, మంచం కింద చెంబూ కదల్లేదు.
రబ్బరు స్టాంపులు మాత్రం కొత్తవొచ్చాయి.
పాతవి పారేయబోతే మాల్యాద్రి అడ్డం పడ్డాడు.
"ఉండనీ సామే, మళ్లా పనిబడుద్ది" అంటూ
గుడ్డలో చుట్టి బీరువా పైఅరలో దాచాడు.
ఈమధ్య పేపరు చూసినప్పుడల్లా అనిపిస్తుంది,
వాడు జాతకాలు చెప్పుకున్నా బతికేవాడని.

ఆ రోజు టీ వేళకి
నన్ను నేను వెతుక్కుంటూ బయల్దేరాను.
అడుగులు లెక్కబెట్టుకుంటూ పోతున్నాను,
అల్లుడు కొనిచ్చిన వాచీ కూడా లెక్కబెడుతోంది.
ఇద్దరికీ పదిహేడు అడుగులు తేడా వచ్చింది.
వాచీ మాటే నమ్మాను, అలవాటైపోయింది.

చెరుకురసం బండి దాటి,
పొగాకు బేళ్ల లారీకి దారిచ్చి,
ఎవరో గెలిచినందుకు ఎవరో కట్టిన,
సగం చిరిగి సగం నవ్వుతున్న ఫ్లెక్సీ కింద నించి పోతే
సందానీ పంచరు షాపు.

నీళ్లతొట్లో ట్యూబు ముంచి
బుడగ కోసం చూస్తున్నాడతను.
నేనిక్కడేమైనా ఉన్నానా అని ఎట్లా అడుగుతాం?
ఊరికే ఫోను తీసి కళ్లార్పాను.
'హాజరు నమోదైంది, శుభదినం' అంది.

సంగతి విని సందానీ నవ్వలేదు.
"గాలి యాడ పోతాందో బుడగే చెబుద్ది,
ట్యూబుని ముంచితే చాలు.
మిమ్మల్ని యాడ ముంచినారన్నా?"

ఆ తర్వాత
పన్నులూ, పారిశుధ్యమూ, నీళ్లూ, టౌన్ ప్లానింగూ
రోజూ పొద్దున్నే పాత టైర్ల మధ్య
పైకి చూసి కళ్లార్పడం మొదలెట్టాం.
రోడ్డున పోయేవాళ్లు అదేదో యోగా అనుకున్నారు.
ఒకరోజు కమిషనర్ మేడం కూడా,
కారు అద్దం సగం దించి,
ఎవరూ చూడకుండా, రెండంటే రెండుసార్లు.
సందానీ ముందు బెంచీ వేశాడు,
పై నెలలో టీ ఫ్లాస్కు పెట్టాడు.
అతని షాపుకి మూడేళ్ల పన్ను బాకీ ఉంది.
నోటీసు నా సొరుగులోనే ఉంది.
సొరుగు ఆఫీసులో ఉంది.
నేనేమో అక్కడ లేను కదా.

నిన్న సాయంత్రం, వెళ్లొస్తానని ఫోనుకి చెప్పుకునే వేళ,
ఇంటి దగ్గర్నించి కాల్.
"యాడుండారు?"
ఆఫీసులోనే అన్నాను.
సర్కారు రికార్డు ప్రకారం
అంతకంటే నిజం ఇంకోటి లేదు.

ఆమె నమ్మలేదు.
వెనకాల గాలికొట్టే మిషను చప్పుడు
వినబడిందంట.