ఎకరాకు నాలుగు టన్నులు

చిత్తూరులో ఆ ఆఫీసు చల్లగా ఉంది.
జయచంద్ర గారు ఫైలు నా వైపు తిప్పి పెట్టారు,
పెళ్లిసంబంధానికి ఫోటో చూపించినట్టు.
ఒక్కో కాగితానికీ ఒక ప్లాస్టిక్ చొక్కా.
ఆకుపచ్చ ముద్ర, మూలన గళ్ల చదరం.
ఫోను పెట్టి చూస్తే టిక్కు కూడా పడింది.
"ఇంకేం కావాలమ్మా మీకు?"

ముద్ర కంటే ముందు అంకె చదవడం నా జబ్బు.
మా నాయన ఆర్టీసీ డిపోలో టికెట్ల లెక్క చూసేవాడు.
కండక్టరు ముఖం చూడొద్దు,
కట్టలో మిగిలినవి ఎంచు, అనేవాడు.

విస్తీర్ణం: మూడున్నర ఎకరాలు.
నీళ్లు బాగుంటే ఎకరాకు నలభై టన్నుల చెరకు.
పదికి ఒకటి బెల్లం.
మూడున్నర నాలుగులు పద్నాలుగు.
ఆయన నాకు ఇస్తానన్నది నెలకు పది, ఏడాది పొడుగునా.
తక్కిన నూట ఆరు టన్నులు
ఏ సర్వే నంబర్లో మొలిచాయండీ?

ఏసీ చప్పుడు అప్పుడు వినబడింది.
"రైతులు చాలామంది ఉన్నారు, పేర్లు తర్వాత పంపిస్తా."
అచ్చు మాత్రం పసుపు కొమ్ములా మెరుస్తోంది.
నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే
అగ్గిపుల్ల ఆరిపోయాక ఉండే వాసన.
హైడ్రోస్.
సన్నగా. చాలా మర్యాదగా.

పెనుమూరు దారిలో బస్సు దిగి
చెరకు పిప్పి తొక్కుకుంటూ పోయాను.
మొగిలప్ప గానుగ దగ్గర కుర్చీ లేదు.
బెండకాడలు దంచి పిసికిన జిగురు నీళ్లు
కొప్పెరలో పోస్తోంది ధనకోటమ్మ.
మురికంతా పైకి తేలి తెట్టు కట్టింది,
జల్లిగరిటెతో తోడి గట్టు మీదకి విసిరింది,
నా చెప్పు మీద కూడా పడింది.

"కాయితమా? ఉన్నిందిమా.
పోయిన కార్తీకంలో నిలిపేసినారు."
గుంపులో ఐదుమంది.
ఒకరి మడి ఒకరు చూసి చేవ్రాలు పెట్టాల.
గంగులప్ప తోటకి పీకపురుగు పట్టింది,
అప్పులున్నాయి, రాత్రి పూట మందు కొట్టేసినాడు.
"మేమే రాస్తిమి బుక్కులో.
రాయకుంటే ఎవురికీ తెలిసేది కాదు."
మాట్లాడతాడా ఇప్పుడు?
"లేదు. వాడు నా బామ్మర్దే."

చేను చూపిస్తూ, నేను అడగకుండానే నిలబడ్డాడు.
"ఈ గట్టు కాడ నాలుగు సాళ్లు లెక్కలో రాసుకోవద్దుమా.
అవతల మామిడికి మందు కొడితే
గాలి ఇట్లే వస్తాది.
ఈటి బెల్లం మండీకి వేస్తా."

తిరుపతికొచ్చి ఫారం నింపాను.
సరఫరాదారుకు చెల్లుబాటయ్యే ధ్రువపత్రం ఉన్నదా?
జయచంద్ర: అవును.
మొగిలప్ప: కాదు.
రెండూ నిజాలే.
గట్టు కాడ నాలుగు సాళ్లకి
ఆ ఫారంలో గడి లేదు, వెనక్కి తిప్పి చూశాను.

మెరిసే అచ్చుని పరీక్షకి పంపాను, నా డబ్బుతో.
కొర్లగుంట అంగట్లో సుద్దముక్కతో రాశాను:
ఈ నెల సేంద్రియ బెల్లం లేదు.
ఓనరు చెంగల్రాయులు ఆ బోర్డు ముందే నిలబడి
నన్ను కాకుండా బోర్డును తిట్టాడు.
"పక్కంగట్లో గంపలు గంపలుగా ఉందే!"
ఉంది. అక్కడా అదే పసుపు.

మొగిలప్ప ఇచ్చిన ముద్ద నా సొరుగులో ఉంది,
పాత క్యాలెండరు కాగితంలో.
అమ్మడానికి లేదు.
టీలోకి గిల్లుకుంటున్నాను.
నల్లగా, నాలుక చివర కాస్త ఉప్పగా,
వాళ్ల బోరు నీళ్లలాగే.

నిన్న ఫోను చేశాను, మళ్లీ తనిఖీ ఎప్పుడని.
"ఐదో చేవ్రాలు కావాలంటమా,"
అని ఆగిపోయాడు మొగిలప్ప.
కొప్పెర కింద మంట ఎగదోస్తున్న చప్పుడు.
తర్వాత ఆమె గొంతు, ఫోనుకి కాదు,
ఫోనులో పడేటట్టు:
"పొద్దున నేనే పోతాలే మా అన్న కాడికి.
ఆ తెట్టు కొంచెం తియ్యి, మాడతా ఉంది."