రంగు గడి

వాయుగుండం దాటిన మూడోనాడు
తూపిలిపాళెం ఇసకలో ఐసు డబ్బా దించాను.
రెండు లీటర్ల సీసాలు ఆరు,
తాడు కట్టిన తెల్ల పళ్ళెం,
ఒక కాగితం.
కాగితంలో రంగు అని ఒక గడి.

ఇసక మేట తెంచుకుని స్వర్ణముఖి
సముద్రంలోకి అరమైలు నడిచింది.
ఇటు ఇది, అటు నీలం,
నడుమ చీర అంచులా ఒక గీత.
గీత పొడుగునా నురగ.
నురగలో ఒంటి చెప్పులు, గుర్రపుడెక్క,
మూత బిగించిన మందు సీసా,
దానిలో ఇంకా రెండు గుక్కలు.

పళ్ళెం వదిలితే రెండు జానలకే మాయం.

రంగు ఏమని రాయను?
ఎర్రమట్టి నీళ్ళను నేనెరుగుదును,
అవి రెండ్రోజులు ఉరికి తేరుకుంటాయి.
"సంగటి కుండ కడిగిన నీళ్ళబ్బయా" అంది
వల విదిలిస్తూ పామంజి పోలమ్మ.
ఒక్క కానాగంత కూడా రాలకపోయేసరికి
మాట మార్చింది:
"కాదు లే. పుండు కడిగిన నీళ్ళు."

ఆమె మనవడు చెంచుబాబు
మోకాళ్ళ కింద గోక్కుంటున్నాడు.
గూడూరు ఆటోల్లో వచ్చిన ఆదివారం జనం
ఒకరి మీద ఒకరు ఆ నీళ్ళే చల్లుకుంటున్నారు.

ఈ ఏరు నాకు కొత్త కాదు.
పైన కాళహస్తిలో మా అమ్మ
కలంకారీ గుడ్డలు జాడించింది దీనిలోనే.
పారే నీళ్ళు కావాలి వాటికి, నిలవ నీళ్ళు పనికిరావు.
తొలిజాము నీళ్ళు నాలుక మీద వేసుకుని
ఇవాళ ఎరుపు పండుతుందనో
ఇంటికి పోదాం పదండనో చెప్పేది.
"ఏరు నోరు తెరవదురా, గుడ్డ మీద రాస్తుంది."

అబద్ధమెందుకు, ఆమె కూడా
మంజిష్ఠ కాగుల అడుగు ఈ ఏటిలోనే వంపింది.
వంపి, వంగి, నీళ్ళను కళ్ళకద్దుకునేది.
ఆ తర్వాత వంపిన వాళ్ళెవరూ కళ్ళకద్దుకోలేదు.
గొట్టాలకు చేతులుండవు.

సంచి అడుగున ఆమె మిగిల్చిన పీలిక ఒకటి,
కరక్కాయ పట్టించి, గేదెపాలలో ముంచి
బొమ్మ వేయకుండానే వదిలేసి పోయిన గుడ్డ.
ఎందుకు వెంట తిప్పుకుంటానో నాకే తెలీదు.
తుప్పు మేకులూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళు తగిలితే చాలు
ఆ పసుపు గుడ్డ నల్లబడుతుంది.
అమ్మ గీసిన నల్లగీతలన్నీ అలా పుట్టినవే.

ముంచాను.

కాసేపు ఏమీ లేదు.
తర్వాత అంచున మసక,
మసక నుంచి కాటుక,
కలం లేకుండా, చెయ్యి లేకుండా
ఎవరూ గీయని బొమ్మ ఒకటి పైకి పాకింది.

దీనికి కాగితంలో గడి లేదు.

"ఏం చెబుతోంది?" అంది పోలమ్మ.
ఇనుము, అన్నాను. మిగతావి పరీక్షలో తేలాలి.
"పిల్లోళ్ళు దిగచ్చా, దిగకూడదా? అది చెప్పు."
ఇరవై రోజులకు రిపోర్టు వస్తుందన్నాను.
ఆమె సముద్రం వైపు చూసింది,
నా వైపు చూసింది.
"ఇరవై రోజులు దీన్ని ఎవురు పట్టుకోనుంటారు?"

గుడ్డ నా చేతిలోంచి లాక్కుని
తెడ్డు కర్రకు ముడేసి
పిల్లలు దిగే చోట గుచ్చింది.
చెంచుబాబు చదవకుండానే అర్థం చేసుకున్నాడు,
ఒడ్డుకొచ్చి కూర్చున్నాడు.
గూడూరు వాళ్ళు ఇద్దరు మాత్రం
దాని పక్కన నిలబడి ఫొటో దిగారు.

గడిలో "ఉంది" అని రాశాను.
అంతకన్నా చోటు లేదు దానిలో.

పొద్దు గుంకే వేళకు నాయుడుపేట వంతెన.
కింద ఏరు సముద్రానికి పోతోంది.
పైన నేను తిరుపతికి.
గతుకు వచ్చినప్పుడల్లా డబ్బాలో
ఆరు సీసాలు ఒకదాన్నొకటి తట్టుకుంటున్నాయి,
వచ్చిన దారినే
వెనక్కి పోతున్న పన్నెండు లీటర్ల ఏరు.