డాక్టర్ రాయనిది

మొదటక్షరం ఓ. సున్నా కాదు.
కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారమంతా
అక్కడే తప్పు చేస్తారు,
సిస్టం ఎర్రబడుతుంది.
గర్భిణుల కాగితాలన్నీ
ఆ గుండ్రటి అక్షరం కిందికే చేరతాయి.

ఇలోయిలోలో రాత్రి రెండున్నర.
కింద బాచోయ్ కొట్టువాడు ఎముకల పులుసు కాగబెడుతుంటాడు.
పైన నాలుగో అంతస్తులో, ఏసీ చలికి స్వెట్టర్లు తొడుక్కుని
మేం పదహారుమందిమి
ఒహాయోలో ఎవరెవరికి ఏమేం జబ్బులో
అంకెల్లోకి దించుతుంటాం.
గంటకి నాలుగు చార్టులు.
తగ్గితే సర్ ఎఫ్రెన్ కుర్చీ వెనక నిలబడి
ఊరికే దగ్గుతాడు.

ఈ చార్టుకి పేరు లేదు, మాకు కనపడకుండా మూసేశారు.
ఇరవయ్యారేళ్ళు. పదకొండు వారాలు.
తొమ్మిది రోజుల్లో ఎమర్జెన్సీకి రావడం ఇది మూడోసారి.
డాక్టర్ రాసింది ఒకటే ముక్క:
వేవిళ్ళు, స్వల్పం.

స్వల్పం అంటే
ఓ ఇరవై ఒకటి పాయింట్ సున్నా.
అర నిమిషం పని.

కానీ కిందికి జరిపాను.
పొటాషియం రెండు పాయింట్ ఏడు.
మూత్రంలో కీటోన్లు, మూడు ప్లస్ గుర్తులు.
పెళ్ళి ఉంగరం జారిపోతోందని
బొటనవేలికి మార్చుకుందట. నర్సు రాసింది.
ఐసుముక్క చప్పరించినా నిలవడం లేదట,
మొగుడి సబ్బు వాసన పడక
దుప్పటి తీసుకెళ్ళి ఖాళీ స్నానాల తొట్టిలో పడుకుంటోందట.
నీళ్ళోసుకున్న మనిషి
ఒంట్లో నీళ్ళు లేవు.

నర్సు రాసింది లెక్కలోకి రాదు.
ల్యాబ్ అంకెకి నోరున్నా మాట్లాడకూడదు.
డాక్టర్ రాయనిది జరగలేదు:
శిక్షణలో మొదటిరోజే మాచేత మూడుసార్లు పలికించారు.
సున్నాకీ ఒకటికీ మధ్య
ఆవిడ పోగొట్టుకున్న ఆరు కిలోలున్నాయి,
సెలైన్ సీసాల బిల్లుంది,
స్వల్పానికి ఇన్ని సీసాలా అని తిప్పికొట్టే
బీమా గుమాస్తా ఉన్నాడు.

డాక్టర్‌కి ప్రశ్న పంపొచ్చు.
దానికీ ఓ పద్ధతుంది,
జవాబుని ప్రశ్నలో దాచకూడదు.
నీరు తగ్గిపోయిందా అనకూడదు.
'పై అంకెలకు వైద్యపరమైన అర్థమేదైనా ఉన్నచో తెలుపగలరు' అనాలి.
ఎండిన బావి గట్టున నిలబడి
కులాసాగా ఉన్నారా అని అడిగినట్టు.

పంపాను.
చార్టు పసుపురంగు వరుసలోకి వెళ్ళి కూర్చుంది.
నా గంటలో ఒకటి తగ్గింది.
దగ్గు వినపడింది.

పక్క సీటు మేఫ్లోర్ మళ్ళీ లేచింది.
ఈ రాత్రికి నాలుగోసారి.
లోపల కొళాయి చాలాసేపు పారింది,
ఇంకో చప్పుడు బయటికి రాకుండా.
తిరిగొచ్చి మొహం తుడుచుకుని
సొరుగులోంచి గిమరాస్ పచ్చిమామిడి ముక్క తీసి
ఉప్పులో అద్దుకుంది.

మా ఊళ్ళో దీన్ని పనమ్కొన్ అంటారు.
ఆ మాటలో వాంతీ ఉంది, కోరికా ఉంది,
పుట్టబోయేవాడి రంగు మీద అత్తల పందేలూ ఉన్నాయి.
అంకె మాత్రం లేదు.

మేఫ్లోర్ కాంట్రాక్టు ఆగస్టుదాకా.
ఆపైన పర్మనెంటో, ఇంటికో.
గదిలో అందరికీ ఆ కోడు నిద్రలో లేపినా వచ్చు,
ఒక్కరూ తలెత్తలేదు.

నేనూ పద్ధతి తప్పలేదు.
జవాబుని ప్రశ్నలో పెట్టకుండా
ఉప్పు బిస్కెట్ల పాకెట్
ఆమె కీబోర్డు వైపు జరిపాను.
ఒకటి తీసింది. సగానికి విరిచింది.
స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండానే
తొమ్మిది, అంది.
కాసేపాగి,
సర్‌కి తెలీదు.

తెలియడానికేముంది, అన్నాను.
డాక్టర్ ఇంకా ఏమీ రాయలేదుగా.
నవ్వబోయి నోరు మూసుకుంది.

ఐదింటికి ఒహాయో నుంచి జవాబొచ్చింది,
'తీవ్రం. నీరు, పొటాషియం తగ్గాయి.'
క్షమించమని లేదు, వందనాలూ లేవు.
సున్నా చెరిపి ఒకటి వేశాను.
ఆవిడకి ఈ సంగతి ఎప్పటికీ తెలీదు.

కిటికీ బయట మొదటి జీప్నీ హారన్ కొట్టింది.
బిస్కెట్టు రెండో సగం
మౌసు పక్కన
ఇంకా అలాగే ఉంది.