గడియ

ఫిబ్రవరి. బొగ్గు పొదుపు.
వ్యాయామశాలలో ఎవరూ కోటు విప్పలేదు.
ఎవరు మాట్లాడినా మాట ముందు పొగై కనిపించి
తర్వాత వినిపించింది.
మినిట్స్ పుస్తకం నా ఒళ్ళో ఉంది.
పెన్ను మొరాయిస్తే చంకలో పెట్టుకుని
వెచ్చబెట్టి మళ్ళీ రాశాను.

మొదటి అంశం: ముందు గోడకు రంగు.
మే నెలలో నారిన్ పట్నం నుంచి ఇన్‌స్పెక్టర్లు వస్తారు.
లేత నీలమా, గోధుమరంగా?
నలభై నిమిషాలు.
ఆరువందల గొర్రెలున్న జుమాకదిర్ నీలమన్నాడు కాబట్టి
ఆయనకు బాకీ ఉన్నవాళ్ళందరికీ
నీలమే నచ్చింది.

రెండోది ఫోన్లు.
పిల్లలు చెడిపోతున్నారని తండ్రులు
ఫోన్లలోంచి తలెత్తి చెప్పారు.

మూడోది విద్యార్థి సంఘానిది.
పదో తరగతి బేగాయిమ్ లేచింది.
చేతిలో కాగితం ఉంది, చూడలేదు.
"పెరట్లో ఆడపిల్లల దొడ్డికి గడియ లేదు.
ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు
బయట తలుపు పట్టుకు నిలబడాలి.
పట్టుకునేవాళ్ళు దొరకని రోజు
మేం నీళ్ళు తాగం.
నెలలో ఆ నాలుగు రోజులూ
ఎల్నూరా బడికే రాదు.
హాజరుపట్టీలో దానికి జలుబని ఉంటుంది."

గడియసేపు ఎవరూ మాట్లాడలేదు.
వెనక వరసలో ఒకడు నవ్వబోయి దగ్గాడు.
హెడ్మాస్టరు సత్తారోవ్ కళ్ళద్దాలు తీసి తుడిచి
తుడిచినవే మళ్ళీ తుడిచి
"నిధులు చూడాలమ్మా" అన్నాడు.
గడియ అరవై సోమ్‌లు.
నీలం డబ్బా ఒక్కటే వెయ్యి.
లెక్కల టీచరు గుల్సాయ్రా ఆ లెక్క పెదాలతో చేసింది,
పైకి అనలేదు.

చేతులెత్తమన్నారు.
రంగుకు లేచిన చేతులు ముప్ఫై ఒకటి.
లెక్క రాసింది నేనే.
ముప్ఫై ఒకటోది,
పెన్ను పట్టుకోని చెయ్యి, నాది.
"మూడో అంశం వచ్చే సమావేశానికి వాయిదా."
నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని అందరూ అంటారు.

ఇక్కడి నుంచి మినిట్స్‌లో లేదు.

సోమవారం సత్తారోవ్ గది తలుపు పడలేదు.
మూస్తే తెరుచుకుంటోంది.
గడియ ఉండాల్సిన చోట నాలుగు స్క్రూ కన్నాలు,
నల్లబడ్డ వార్నిష్ మధ్య
గడియంత మేర లేత చెక్క.
"చలికి చెక్క ముడుచుకుని ఊడిపోయి ఉంటుంది సార్"
అన్నాడు బాయిలర్లో బొగ్గు వేసే దోరోన్‌బెక్.
అరవయ్యేళ్ళ మనిషి, అబద్ధం అలవాటు లేదు,
చెవులు ఎర్రబడ్డాయి.

పెరట్లో, మోకాలి లోతు మంచులో,
ఊగిసలాడే ఆ పాత తలుపుకి
ఇత్తడి గడియ. బడి మొత్తానికి ఇత్తడిది అదొక్కటే.
బయట ఎవరూ నిలబడి లేరు.

సత్తారోవ్ అడగలేదు. కొత్తది కొననూ లేదు.
తలుపుకి బొగ్గు బస్తా అడ్డం పెట్టుకున్నాడు,
బొగ్గు అయిపోయాక చదరంగం పెట్టె,
ఏప్రిల్ వచ్చేసరికి ఏమీ లేదు.
కొండల మీంచి గాలి దిగితే చాలు
నడవాలో పోయే పిల్లలకి ఆయన కనిపిస్తాడు,
బూట్లు విప్పి, సాక్సు చిరుగులోంచి బొటనవేలు,
టీలో రొట్టె ముంచుకుంటూ.
ఒకరిద్దరు ఆగుతారు.
"బస్సు గురించి సార్."
"లైబ్రరీ తాళం గురించి."
"ఏం లేదు సార్, ఊరికే."
ఊరికే వచ్చినవాళ్ళకి రొట్టె ముక్క ఇస్తాడని
ఐదో తరగతి మొత్తానికీ తెలిసిపోయింది.

గోడకి రంగు వేశారు. బాగానే ఉంది.
ఎండ తగిలే వైపు అప్పుడే పెచ్చులు లేస్తోంది.

నిన్న సాయంత్రం హాజరుపట్టీ ముందేసుకు కూర్చున్నాను.
మార్చిలో ఎల్నూరాకి జలుబు చెయ్యలేదు.
ఏప్రిల్లోనూ లేదు.
వెనక్కి తిప్పాను.
ఫిబ్రవరి, నాలుగు గళ్ళు,
జలుబు, జలుబు, జలుబు, జలుబు.
గుండ్రటి దస్తూరీ.