తక్కెడ దగ్గర

దోలోక్ సంగుల్ సంత వెనక, రేకుల కొట్టంలో
ఇరవై రెండేళ్ళుగా సాంబ్రాణి తూస్తున్నాను.
ఒక్క చెట్టైనా ఎక్కినవాణ్ణి కాదు.
బంక ముక్కని గోటితో గిల్లి
ఏ వాలుదో చెప్పగలను,
ఎవరి చేతి గాటో కూడా.

చిటికెన వేలి గోరంత తెల్లని ముక్క మొదటి రకం.
పసుపు తిరిగితే రెండోది.
బెరడు పొట్టు కలిస్తే తరుగు తీస్తాను.
నాకు పేరొచ్చినా తిట్లొచ్చినా
ఆ తరుగు దగ్గరే.

రుమొందాంగ్ మార్బున్
మొగుడు పోయిన ఏడు అతని కత్తీ మోకూ అందుకుంది.
మగాళ్ళ పనని ఊరు గొణిగింది.
చెట్లు మాత్రం ఏమీ అనలేదు.
ఏటా పంతొమ్మిది, ఇరవై కిలోలు తెచ్చేది.
ఆ ఏడు పదకొండే.

తక్కినది ఇంకో వ్యాపారికి అమ్మేసిందనుకున్నాను.
దొంగని పట్టుకునేవాడిలా
ఆమె వెనకే కొండెక్కాను,
పొగమంచులో, జలగలు పాకే బాటలో,
యాభై మూడేళ్ళ మోకాళ్ళతో.

ఆమె మొదటి చెట్టు మొదట్లో
ఆకులో చుట్టిన బియ్యప్పిండి ముద్ద పెట్టింది.
బెరడు మీది నాచు గీకింది, గాటు పెట్టింది,
కత్తి మడమతో రెండు దెబ్బలు, అంతే.
మూడు నెలల తర్వాత వస్తానని
చుట్టానికి చెప్పినట్టు చెప్పింది.

రెండో చెట్టుని దాటేసింది.
"దీన్ని వదిలేశావేం?"
"పడుకుంది."
నాలుగోది కూడా పడుకుందట.
సాయంత్రానికి నేను లెక్కపెట్టినవి
నూట నలభైలో నలభై మూడు నిద్రలో ఉన్నాయి.

ఆమె సంచి జేబులో కూతురి బడి ఫీజు కాగితం
నాలుగు మడతలు పడి కనిపిస్తూనే ఉంది.
"ఒక్క గాటు," అన్నాను, "ఎవరు చూడొచ్చారు?"
ఆమె నా చెయ్యి పట్టుకుని కాండానికి ఆనించింది.
నిరుటి మచ్చ
ఇంకా మూసుకోని పెదవిలా తగిలింది.
"నువ్వు ఆదివారం కొట్టు మూస్తావు కదా," అంది.

అప్పుడు సవుత్ లుంబన్ గావోల్ గుర్తొచ్చాడు.
చెట్టు చుట్టూ జానెడుకో గాటు పెట్టేవాడు.
మొదటి ఏడు అతని బస్తా ఎత్తడానికి ఇద్దరు కావలసొచ్చారు,
నేనే కల్లు పోయించాను.
రెండో ఏడు పసుపు.
మూడో ఏడు పొట్టే, ఎంత తరుగు తీసినా పొట్టే.
నాలుగో ఏడు అతని వాలుకి లారీ వచ్చింది,
నల్ల ప్లాస్టిక్ సంచుల్లో జామాయిల్ మొక్కలతో.
ఆ లారీని పిలిచింది నా తక్కెడని అనను.
కాదనీ అనను.

దిగేటప్పుడు ఒక చోట ఆమె వంగింది.
తల్లిచెట్టు నీడలో మొలిచిన పిల్ల మొక్కలు,
ఏడో ఎనిమిదో,
కాలి కింద పడకుండా చుట్టూ పుల్లలు గుచ్చి ఉన్నాయి.
"ఇవెప్పుడు పాలకొస్తాయి?"
"ఎనిమిదేళ్ళు. పదనుకో."
దానికి నా వయసు కలుపుకున్నాను.
మళ్ళీ కలిపినా అంతే వచ్చింది.

ఈ ఏడు పదిహేను కిలోలు తెచ్చింది.
అంతా తెలుపు, అటక మీద ఆరి
గలగలమంటూ.
ఎప్పుడూ ముల్లు ఊగుతుండగానే
అంకె చెప్పేవాణ్ణి, కాస్త నా వైపుకి.
ఈసారి అది నిలబడేదాకా ఆగాను.
చాలాసేపు పట్టింది.

డబ్బిచ్చాను. ఆమె వేళ్ళ జిగురుకి
నోట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి.
ఉమ్మి తడి చేసుకుని లెక్కపెట్టింది,
మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.
రెండోసారి జిగురు వల్ల కాదు,
నన్ను నమ్మక.