మూడు ఏడులు

ఫుజైరాలో ఆగస్టు రాత్రి, రెండు దాటింది.
గాలి తడి తువ్వాలులా మెడకు చుట్టుకుంది.
పన్నెండో గదిలో పై మంచం మీద
ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని మూడోసారి మీట నొక్కాను.
అనుమతి లేదు.
కింది మంచం లస్మన్న నిద్రలోనే అడిగాడు:
"ఇంకా తలుపు తీస్తలేదా?"

పధ్నాలుగేళ్ల సర్వరు.
సముద్రంలోంచి ఉప్పు తీసే మా ప్లాంటులో
ఏ పంపు ఎంత తోడిందో రాసిపెట్టే గుమాస్తా.
నా కొత్త లాప్‌టాప్ దానితో చెయ్యి కలపనంది,
నీ తాళాల భాష పాతది, నమ్మనంది.
అదేమో తనకొచ్చిన రెండు ముక్కలే
మళ్లీ మళ్లీ చెప్పింది.
క్యాంపుకొచ్చిన కొత్తలో నేనూ అంతే.
మెస్సులో మజ్జిగ అడగడానికి మూడు రోజులు పట్టింది:
బెంగాలీ వంటవాడు, నా కరీంనగరు తెలుగు,
మధ్యలో ఎవరిదీ కాని కుంటి హిందీ.
సరే, ఈ ఒక్క ముసలిదాని కోసం
పాత మాటే ఒప్పుకో అని
లాప్‌టాప్‌కి ఒక వాక్యం రాసిచ్చాను.
మాట కలిసింది.
తలుపు మాత్రం తీయలేదు.

మొన్న సోమవారం దాకా పాస్‌వర్డు ఉండేది.
దాన్ని మెత్తగా దంచి, ఉప్పు కలిపి
ఊరగాయలా దాచుకుంటుంది సర్వరు.
(బయట ఉప్పు తీస్తాం, లోపల ఉప్పు వేస్తాం,
జీతం రెండింటికీ ఒకటే.)
ఇక పాస్‌వర్డులు చెల్లవు, తాళంచెవులే, అంది హెడ్డాఫీసు.
నా చెవి సరైనదే.
అక్షరం అక్షరం వేలు పెట్టి పోల్చాను.

గుల్ జమాన్‌ని లేపాను. తిట్టలేదు, పాపం,
చెప్పులు వెతుక్కుంటూ పికప్పు తీశాడు.

సర్వరు గదిలో మాఘమాసపు చలి.
దుమ్ము దులుపుదామని కీబోర్డు తిరగేస్తే
అడుగున టేపు, టేపు కింద చీటీ,
చీటీ మీద వర్గీస్ చేతిరాతలో అసలు పాస్‌వర్డు.
దూరం నుంచి కొడితే పలకదు,
ఎదురుగా నిలబడ్డవాడికి పలికింది.

చిట్టా తెరిచాను. చివరి వరుస:
ఇంటి గుమ్మం మరీ తెరిచి ఉంది,
అందుకని చెవి చూడను.

ఏడు, ఏడు, ఏడు.
ఎవరైనా రావచ్చు, చదవచ్చు, రాయచ్చు.
రాత్రి షిఫ్టు వాళ్లు కాగితాలు పెట్టుకోలేక
గంటకోసారి ఫోన్ చేస్తుంటే
విసుగో, దయో, ఒక్క వేటుతో
తలుపులన్నీ తీసేసి ఉంటాడు వర్గీస్.
ఆ రోజు నుంచి అతని చెవీ అతనికి పనిచెయ్యలేదు.
రోజూ పాస్‌వర్డు కొట్టుకునే వెళ్లి ఉంటాడు,
ఎందుకో ఆలోచించకుండా.
మూడేళ్లయింది అతను కొచ్చి విమానమెక్కి.

నడిమి ఏడూ, చివరి ఏడూ
అయిదులు చేశాను.
లాప్‌టాప్ మీట నొక్కాను.
ఎవరు నువ్వు అనలేదు.

లోపల చెవుల జాబితాలో రెండే వరుసలు.
నాది కింద. పైన అతనిది,
చివర చిన్నగా "వర్గీస్, రూమ్ 12".
నా గదే.
తీసెయ్యాలి, రూలు.
ముందు ఒక గీతల గుర్తు మాత్రం పెట్టాను,
అది చదవద్దని యంత్రానికి.
వరుస అలాగే ఉంది.

బయటికొచ్చేసరికి
పికప్పు నాలుగు తలుపులూ గాలికి బార్లా తెరిచి
గుల్ జమాన్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.
తాళంచెవి బండికే వేలాడుతోంది.